దారి ముక్కులోంచే.. పని మాత్రం మెదడు చెంతన

‘ముక్కులోంచి మెదడు గడ్డ తీస్తారట’ అన్న మాట ఇంట్లో పడగానే రెండు రకాల స్పందనలు వస్తాయి. పెద్దవాళ్లు ‘అమ్మో, మెదడు జోలికి పోవద్దు. మందులతో ఎన్నాళ్లు నెట్టుకురాగలమో చూద్దాం’ అంటారు. ఫోన్లో నాలుగు వీడియోలు చూసిన పిల్లలు ‘కోత లేదు, కుట్లు లేవు. రెండ్రోజుల్లో ఇంటికి పంపేస్తారు. భయమెందుకు?’ అంటారు. మొదటి మాట పట్టుకున్నవాళ్లు ఆలస్యం చేసి చూపు పోగొట్టుకుంటున్నారు. రెండో మాట నమ్మినవాళ్లు ముందు చేయించాల్సిన పరీక్షలనూ, తర్వాత పాటించాల్సిన జాగ్రత్తలనూ తేలిగ్గా తీసుకుని ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నారు.

ఈ శస్త్రచికిత్స మనకు మరీ కొత్త కాదు. 2021లో కరోనా రెండో దశ వెనకే బ్లాక్ ఫంగస్ విరుచుకుపడినప్పుడు ముక్కు, సైనస్‌లు, కంటిగూడు దాకా పాకిన ఫంగస్‌ను హైదరాబాద్ కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిలో ముక్కులోంచి ఎండోస్కోప్ పంపి తొలగించారు. అదే దారిలో ఇంకాస్త లోపలికి వెళితే పుర్రె అడుగు భాగం వస్తుంది. అక్కడ ఉండే గడ్డలను, అక్కడ పడిన చిల్లులను చక్కదిద్దడమే ఈ చికిత్స. ఇది మంచి చికిత్స. అయితే ఫలితం బాగుండాలంటే జబ్బును సకాలంలో పసిగట్టాలి, అనుభవమున్న బృందం చేతిలో పెట్టాలి, ఆపరేషన్ తర్వాత రోగిని కనిపెట్టుకుని ఉండాలి. కోత ఎంత చిన్నదన్నది వీటి తర్వాతి విషయం.

ముక్కు వెనక ఏముంది?

ముక్కు రంధ్రం లోంచి నేరుగా వెనక్కి వెళితే స్ఫీనాయిడ్ సైనస్ అనే గాలి గది ఉంటుంది. దాని వెనక గోడ పల్చటి ఎముక. ఆ ఎముక అవతల చిన్న గుంటలో బఠాణీ గింజంత పిట్యూటరీ గ్రంథి కూర్చుని ఉంటుంది. బరువు సుమారు అర గ్రాము. థైరాయిడ్, అడ్రినల్ గ్రంథులు, అండాశయాలు, వృషణాలు.. వీటన్నిటికీ ఆదేశాలు వెళ్లేది ఇక్కడి నుంచే. పిల్లల ఎదుగుదలకూ, తల్లి పాలకూ కావాల్సిన హార్మోన్లు కూడా ఇదే తయారుచేస్తుంది.

దీని ఇరుగుపొరుగు చాలా సున్నితం. సరిగ్గా పైన రెండు కళ్ల నరాలు కలుసుకునే కూడలి ఉంటుంది. రెండు పక్కలా మెదడుకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమనులు, కనుగుడ్లను కదిలించే నరాలు ఉంటాయి. అంటే సర్జన్‌కు దొరికే చోటు ఇరుకు, చేయి కాస్త పక్కకు పోతే నష్టం పెద్దది. తల పైనుంచి పుర్రె తెరిచి వెళ్లాలంటే మెదడును కొంత పక్కకు జరపాల్సి వస్తుంది. ముక్కు దారిలో ఆ అవసరం ఉండదు. అసలు లాభం అదే. ముఖం మీద మచ్చ లేకపోవడం దానితోపాటు వచ్చేది మాత్రమే.

నూరేళ్లకు పైబడిన దారి

ఈ దారి నిన్న మొన్న కనిపెట్టింది కాదు. 1907లో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో హెర్మన్ ష్లోఫర్ అనే సర్జన్ రోగి ముక్కును పక్కకు తిప్పి, ఈ దారిలో తొలిసారి పిట్యూటరీ గడ్డను తీశారు. 1910లో వియన్నాలో ఆస్కర్ హిర్ష్ అనే ముక్కు వైద్యుడు ముక్కు రంధ్రం లోంచే పని కానిచ్చారు. అమెరికాలో న్యూరోసర్జరీకి పునాదులు వేసిన హార్వే కుషింగ్ పైపెదవి కింద కోసి, ఇదే దారిలో 1910 నుంచి 1925 వరకూ 231 మందికి ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత ఆయనే దీన్ని పక్కనపెట్టి, తల తెరిచే పద్ధతికి మారిపోయారు. ఆనాటి వెలుతురుకు ఆ లోతు అందేది కాదు. ఆయన మారడంతో చాలామంది ఈ దారినే మరిచిపోయారు.

1960లలో కెనడాలోని మాంట్రియల్‌లో జూల్స్ హార్డీ ఆపరేటింగ్ మైక్రోస్కోప్‌ను వాడటంతో దారి మళ్లీ తెరుచుకుంది. 1990లలో ఎండోస్కోప్ వచ్చింది. సుమారు నాలుగు మిల్లీమీటర్ల మందం ఉండే ఈ గొట్టం చివర నుంచి వెలుగు పడుతుంది, దృశ్యం తెర మీద పెద్దగా కనిపిస్తుంది. మైక్రోస్కోప్ ఎదురుగా ఉన్నదే చూపిస్తుంది. ఏటవాలు కటకమున్న ఎండోస్కోప్ మూల తిరిగి పక్కనున్నది కూడా చూపిస్తుంది. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో జో, కరావు అనే ఇద్దరు వైద్యులు 50 మంది పిట్యూటరీ రోగుల అనుభవాన్ని 1997లో ప్రచురించారు. వారిలో ఒకరు న్యూరోసర్జన్, మరొకరు ఈఎన్‌టీ వైద్యుడు. నేటికీ ఈ ఆపరేషన్ సాధారణంగా ఆ ఇద్దరూ కలిసి చేసేదే. ఒకరు ఎండోస్కోప్ పట్టుకుని దారి చూపిస్తుంటే మరొకరు రెండు చేతులతో పనిచేస్తారు.

చివరి చిక్కు మూత వేయడంలో వచ్చింది. గడ్డ తీశాక మెదడుకూ ముక్కుకూ మధ్య చిల్లు మిగులుతుంది. మెదడు చుట్టూ ఉండే నీరు అందులోంచి ముక్కులోకి కారుతుంది, ముక్కులోని సూక్ష్మక్రిములు పైకి పాకి మెనింజైటిస్ తెస్తాయి. ముక్కు మధ్య గోడ మీది పొరను దాని రక్తనాళంతో సహా తిప్పి ఆ చిల్లుకు మూతగా వేసే పద్ధతిని అర్జెంటీనాకు చెందిన హడాడ్, బస్సగాస్టెగీ రూపొందించారు. 2006లో ప్రచురించిన ఆ అనుభవంలో 43 మందిలో ఇద్దరికి మాత్రమే నీరు కారింది. పెద్ద గడ్డలకూ ఈ దారి పనికొచ్చిందంటే ఆ మూత పుణ్యమే.

కళ్లజోడు మార్చినా చూపు కుదరకపోతే..

పిట్యూటరీ గడ్డల్లో అత్యధికం క్యాన్సర్ కానివే. నెమ్మదిగా పెరుగుతాయి. అందుకే మోసం చేస్తాయి. పైకి పెరిగిన గడ్డ కళ్ల నరాల కూడలిని కింద నుంచి నొక్కుతుంది. అప్పుడు ముందుగా పోయేది రెండు పక్కల చూపు. ఎదుటి అక్షరాలు బాగానే కనిపిస్తాయి కాబట్టి రోగికి తేడా తెలియదు. గుమ్మానికి భుజం తగులుతుంటుంది. బండి నడిపేటప్పుడు పక్క నుంచి వచ్చే వాహనం దగ్గరికి వచ్చేదాకా కనపడదు. ‘చూసుకుని నడవరాదా’ అని ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. కళ్లజోడు మారుస్తారు. పెద్ద వయసువారైతే శుక్లాల ఆపరేషన్ కూడా అయిపోతుంది. అయినా చూపు కుదరదు.

ఇంట్లోనే చిన్న పరీక్ష చేసి చూడొచ్చు. ఎదురెదురుగా కూర్చోండి. ఆయన ఒక కన్ను మూసుకుని మీ ముక్కు వైపే చూడాలి. మీరు చేతి వేళ్లను పక్క నుంచి నెమ్మదిగా మధ్యకు తీసుకురండి. మీకు కనిపిస్తున్నా ఆయనకు కనిపించడం లేదంటే కంటి వైద్యుడి దగ్గరికి వెళ్లి విజువల్ ఫీల్డ్ పరీక్ష అడగండి. ఇంటి పరీక్షలో తేడా లేకపోయినా అనుమానం ఉంటే వైద్యుడికి చూపించడం మానొద్దు. నరం మీద ఒత్తిడి త్వరగా తీసేస్తే చాలామందిలో చూపు మెరుగుపడుతుంది. నరం పాలిపోయి ఎండిపోయాక ఎంత గొప్ప సర్జన్ చేసినా ఆశ తక్కువే. ‘మెదడు జోలికి వద్దు’ అని వాయిదా వేసే ప్రతి నెలకూ కన్ను మూల్యం చెల్లిస్తుంది.

హార్మోన్లు ఎక్కువగా తయారుచేసే గడ్డలు వేరే వేషాల్లో వస్తాయి. గ్రోత్ హార్మోన్ ఎక్కువైతే ఉంగరం బిగుసుకుంటుంది, చెప్పుల సైజు మారుతుంది, పళ్ల మధ్య సందులు పడతాయి, గురక పెరుగుతుంది. రోజూ చూసేవాళ్లకు ఈ మార్పు తెలియదు. పదేళ్ల కిందటి పెళ్లి ఫొటో పక్కన పెడితే తెలుస్తుంది. కార్టిసాల్ ఎక్కువైతే ముఖం గుండ్రమవుతుంది, పొట్ట మీద ఊదా రంగు చారలు వస్తాయి, తొడల్లో బలం తగ్గి కింద కూర్చుంటే లేవలేరు. ఈ రెండింటిలోనూ షుగరు, బీపీ వస్తాయి. వాటికి మాత్రలు వాడుతూ అసలు కారణాన్ని ఏళ్ల తరబడి వదిలేస్తున్న కుటుంబాలు ఎన్నో.

ఒక్కటి మాత్రం ఆగే వ్యవహారం కాదు. ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి, వాంతులు, చూపు తగ్గడం, కనురెప్ప వాలిపోవడం, ఒకటి రెండుగా కనిపించడం.. ఇవి కలిసి వస్తే గడ్డలో రక్తస్రావం జరిగి ఉండొచ్చు. మైగ్రేన్ మాత్ర వేసి పడుకోబెట్టకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

అన్నిటికీ ఆపరేషన్ కాదు

పాలివ్వని తల్లికి పాలు రావడం, నెలసరి ఆగిపోవడం, పిల్లలు కలగకపోవడం, మగవారిలో కోరిక తగ్గడం.. ఇవి ప్రొలాక్టిన్ ఎక్కువైనప్పటి లక్షణాలు. మగవారు సిగ్గుతో బయటికి చెప్పరు, అందుకే వారిలో గడ్డ పెద్దదయ్యాకే బయటపడుతుంటుంది. ప్రొలాక్టిన్ గడ్డ ఎక్కువమందిలో మాత్రలతోనే కుంచించుకుపోతుంది. గడ్డ పెద్దదైనా, చూపు కాస్త తగ్గినా సాధారణంగా మొదటి చికిత్స మాత్రే. స్కాన్‌లో గడ్డ కనిపించిందని ప్రొలాక్టిన్ చూడకుండానే ఆపరేషన్‌కు తేదీ ఇస్తే, ఆ తేదీని ఆపి ముందు ఆ రక్తపరీక్ష అడగండి. మరీ పెద్ద గడ్డల్లో రిపోర్టు ఒక్కోసారి తప్పుగా తక్కువ చూపిస్తుంది. శాంపిల్‌ను పలుచన చేసి మళ్లీ పరీక్షించాలా అని వైద్యుణ్ని అడగడం తప్పు కాదు.

ప్రొలాక్టిన్ పెరిగిన ప్రతివారికీ గడ్డ ఉన్నట్టూ కాదు. గర్భం, థైరాయిడ్ తగ్గడం, కొన్ని మానసిక వ్యాధుల మందులు, గ్యాస్ మాత్రల్లో కలిపి ఉండే డోంపెరిడోన్ కూడా దాన్ని పెంచుతాయి. నెలల తరబడి మందుల షాపులో అడిగి తెచ్చుకుని మింగుతున్న మాత్రలుంటే ఆ అట్టలు వైద్యుడికి చూపించండి.

ఇంకో భయం కూడా తీసేయాలి. వేరే కారణానికి ఎంఆర్ఐ తీయించుకున్నప్పుడు దాదాపు పది మందిలో ఒకరికి పిట్యూటరీలో చిన్న తేడా కనిపించవచ్చు. సెంటీమీటరులోపు ఉండి, హార్మోన్లు సరిగ్గా ఉండి, కళ్ల నరాలకు దూరంగా ఉంటే చాలావరకు కొంతకాలానికోసారి స్కాన్ తీసి గమనిస్తే చాలు.

అలాగే ముక్కు దారి అన్ని గడ్డలకూ సరిపోదు. కెరోటిడ్ ధమనులను, కళ్ల నరాలను దాటి బాగా పక్కకు పాకిన గడ్డకు తల తెరిచి వెళ్లడమే మేలు కావచ్చు. కొంత మిగిల్చి దానికి రేడియేషన్ ఇవ్వడమూ సరైన నిర్ణయమే కావచ్చు. ‘మీకు ముక్కులోంచి కుదరదు’ అని చెప్పిన వైద్యుడు పాతకాలం మనిషి అనుకోకండి.

థియేటర్‌కు ముందూ, తర్వాతా

ఒక ఫిజీషియన్‌గా నేను ఎక్కువగా పట్టుబట్టేది ఇక్కడే. ఆపరేషన్‌కు ముందు ఉదయం ఎనిమిది గంటల ప్రాంతంలో కార్టిసాల్ పరీక్ష చేయించాలి. పిట్యూటరీ దెబ్బతిన్నప్పుడు టీఎస్‌హెచ్ మామూలుగానే ఉండి, అసలు థైరాయిడ్ హార్మోన్ టీ4 తగ్గి ఉండొచ్చు. అందుకే టీఎస్‌హెచ్ ఒక్కటే చూసి థైరాయిడ్ బాగుందనుకోకూడదు. కార్టిసాల్ కూడా తక్కువగా ఉంటే ముందు స్టిరాయిడ్ ఇచ్చి, ఆ తర్వాతే థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టాలి. వరస తప్పితే రోగి కుప్పకూలిపోవచ్చు.

ఆపరేషన్ అయ్యాక మొదటి రెండు మూడు రోజుల్లో కొందరికి ఆగకుండా మూత్రం, తీరని దాహం వస్తాయి. దీన్ని డయాబెటిస్ ఇన్సిపిడస్ అంటారు. దీనికీ షుగరు జబ్బుకూ సంబంధం లేదు, మందు ఉంది. ఇంటికి వెళ్లాక, ఆపరేషన్ అయిన వారం అటూ ఇటూ రోజుల్లో కొందరికి రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వికారం, మత్తు, మాట తడబాటు మొదలవుతాయి. ‘నీరసం’ అనుకుని ఇంట్లోవాళ్లు కొబ్బరినీళ్లు, మజ్జిగ, గ్లూకోజు నీళ్లు మరింత తాగిస్తారు. సోడియం ఇంకా పడిపోతుంది. కాబట్టి ఆ వారంలో సోడియం పరీక్ష ఎప్పుడు చేయించాలో, రోజుకు ఎన్ని నీళ్లు తాగాలో డిశ్చార్జి కాగితం మీదే రాయించుకోండి.

స్టిరాయిడ్ మాత్ర విషయంలో ఇరుగుపొరుగు సలహాలు వినొద్దు. ‘స్టిరాయిడ్లు మంచివి కావు, మానేయ్’ అన్న మాట వేరే సందర్భాల్లో నిజమే కావచ్చు. ఒంట్లో తయారుకాని హార్మోన్‌కు బదులుగా ఇస్తున్న మాత్రను ఆపితే బీపీ పడిపోయి ప్రాణం పోవచ్చు. జ్వరం వచ్చినప్పుడు మోతాదు పెంచాలి. వాంతులై మాత్ర నిలవకపోతే ఇంజెక్షన్ తప్పదు. ఈ సంగతి రాసిన చీటీ జేబులో ఎప్పుడూ ఉండాలి.

డాక్టర్ చెప్పేదాకా కొన్ని వారాలు ముక్కు చీదకూడదు. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. నీళ్ల బిందె, గ్యాస్ సిలిండర్ లాంటి బరువులు ఎత్తకూడదు. ముక్కకుండా విరేచనం అయ్యేలా చూసుకోవాలి. కపాలభాతి, శీర్షాసనం పక్కన పెట్టాలి. ముందుకు వంగినప్పుడు ముక్కులోంచి నీళ్లలాంటి ద్రవం టపటపా కారినా, గొంతులోకి ఉప్పగా జారినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా జలుబు మాత్ర వేసుకుని ఊరుకోవద్దు. అదే రోజు ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి వెళ్లాలి. తలకు దెబ్బ తగిలాకో, ఏ కారణం లేకుండానో నెలల తరబడి ఒకే ముక్కు రంధ్రం నుంచి నీళ్లు కారేవారికి కూడా ఇదే వర్తిస్తుంది. అది మెదడు నీరు కావచ్చు. దాని చిల్లునూ ముక్కులోంచే పూడ్చవచ్చు.

ఏం అడగాలి? ఎవరిని అడగాలి?

సంతకం పెట్టేముందు అయిదు ప్రశ్నలు అడగండి. ఈ గడ్డకు మందు సరిపోదా? హార్మోన్ పరీక్షలన్నీ, విజువల్ ఫీల్డ్ పరీక్ష అయ్యాయా? న్యూరోసర్జన్, ఈఎన్‌టీ సర్జన్ కలిసి చేస్తారా, ఇలాంటివి ఏడాదికి ఎన్ని చేస్తారు? తర్వాత హార్మోన్లు చూసే ఎండోక్రైనాలజిస్టో, ఫిజీషియనో ఎవరు? రాత్రివేళ నీరు కారినా, మత్తుగా ఉన్నా ఎవరికి ఫోన్ చేయాలి? మంచి సర్జన్ ఈ ప్రశ్నలకు చిన్నబుచ్చుకోరు. ‘కోత లేని ఆపరేషన్’ అన్న ప్రకటన మాత్రం వీటిలో ఒక్కదానికీ జవాబివ్వదు. ఖర్చు గురించి ఆందోళన ఉంటే, మీకున్న ఆరోగ్య పథకంలో ఈ చికిత్సకు వర్తింపు ఉందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడిగి తెలుసుకోండి.

ప్రభుత్వాలు చేయాల్సిందీ ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇటీవలి ఏళ్లలో జిల్లాల్లో కొత్త వైద్య కళాశాలలు వచ్చాయి. ప్రతిచోటా ఈ ఆపరేషన్ చేయాలని పోటీపడనక్కర్లేదు. ఏడాదికి రెండు మూడు చేసే చేయి కంటే వారం వారం చేసే చేయి నమ్మకమైనది. కాబట్టి నిమ్స్‌లాగా న్యూరోసర్జరీ, ఎండోక్రైనాలజీ ఒకే ప్రాంగణంలో ఉండే కొద్ది కేంద్రాల్లోనే ఈ శస్త్రచికిత్సలు జరగాలి. జిల్లా ఆసుపత్రిలో మాత్రం విజువల్ ఫీల్డ్ యంత్రం పనిచేస్తుండాలి, ప్రొలాక్టిన్, కార్టిసాల్ పరీక్షలు ఉచితంగా దొరకాలి, అనుమానం రాగానే రోగిని ఏ కేంద్రానికి, ఎవరి దగ్గరికి పంపాలో స్పష్టంగా ఉండాలి. తిరిగి వచ్చిన రోగికి సోడియం పరీక్ష సొంత జిల్లాలోనే జరగాలి. డిశ్చార్జి సూచనలు తెలుగులో ఉండాలి. వీటిలో ఏదీ కోట్లు మింగే పని కాదు.

ఈ వారం మీరు చేయగలిగింది ఇంకా సులువు. ఇంట్లో ఎవరికైనా కళ్లజోడు మార్చినా చూపు కుదరడం లేదా? ఉంగరం బిగుసుకుందా? నెలసరి కారణం లేకుండా ఆగిందా? ఒకే ముక్కు రంధ్రం నుంచి నీళ్లు కారుతున్నాయా? ఉంటే వారిని వెంటబెట్టుకుని దగ్గర్లోని వైద్యుడి దగ్గరికి వెళ్లండి. ముక్కు దారిలో సర్జన్ గడ్డను చేరడానికి కొన్ని గంటలు చాలు. రోగి సర్జన్‌ను చేరడానికే మనం ఏళ్లు తీసుకుంటున్నాం. తగ్గించాల్సింది ఆ దూరాన్నే.